ఎడమ చేతికి ఐదు తూటాలు

1979 నవంబరులో ఒక మంగళవారం, సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలకు ఉటా ఎడారిలో బస్సు దిగాను. చలి ఇరవై రెండు ఫారన్‌హీట్. పడమటి గాలి. నేలంతా తెలుపు. కొంత మంచు, కొంత ఉప్పు. ఏది ఏదో బూటుతో తన్ని చూస్తేగాని తెలియదు. కనుచూపు మేరలో ఒక్క చెట్టు లేదు. నా దగ్గర ఒక డఫుల్ బ్యాగు, రెండు జతల బూట్లు, అమ్మ ఇచ్చిన జేబు బైబిలు ఉన్నాయి. వయసు ఇరవై రెండు.

అది అమెరికా సైన్యం సామాన్లు దాచే డిపో. గోడౌన్లు వరసగా మైళ్ళ కొద్దీ ఉండేవి. నన్ను మిలిటరీ పోలీసుల్లో మఫ్టీ విభాగానికి వేశారు. గోడౌన్లలో దొంగతనాలు కనిపెట్టడం మా పని. రెండేళ్ళు చేశాను. కిందటి క్రిస్మస్‌కి నేపర్‌విల్‌లో మా తెలుగు సంఘంలో ఒక సోదరుడు, "యుద్ధం లేదు, దేశం దాటలేదు, అదేం సైన్యమండీ?" అన్నాడు. పదిమందిలో అన్నాడు. ఆయన పేరు రాయను. ఆయన చదువుతాడు, ఆయనకి తెలుసు.

మా విభాగానికి పెద్ద ఒక సార్జంట్. ఒహాయో పాడి రైతు కొడుకు, నలభై ఏళ్ళ మనిషి. రోజుకి పాతిక మాటలు మించి మాట్లాడడు. మొదటి రోజే ఆయుధాల గదికి తీసుకెళ్ళాడు. మేం యూనిఫారం వేసుకోం. పెద్ద పిస్తోలు కోటు కింద ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. అందుకని మాకు పొట్టి రివాల్వర్లు ఇచ్చేవారు. గొట్టం రెండంగుళాలు. తూటాలు ఐదే. అరచేతిలో దాగేంత చిన్నది. చూడటానికి బొమ్మలా ఉంటుంది. పేలిస్తే చేతిలో ఎగిరిపడుతుంది. గొట్టం పొట్టి కాబట్టి గురి కుదరదు. తుపాకులన్నిట్లో కాల్చడానికి కష్టమైనది అదే.

మిగతా నలుగురి దగ్గరా కొత్తవి ఉన్నాయి. నాకు మాత్రం నలుపు పోయి తెల్లబడ్డ పాతది ఇచ్చాడు. పిడి చెక్క ఒక మూల విరిగింది. నడుము దగ్గర జారకుండా పిడికి ఒక రబ్బరు బ్యాండు చుట్టి ఉంది.

"నాకే ఎందుకు, సార్జంట్?"

"కొత్తవాడివి కదా."

అంతే. నేను మరిచిపోయే మనిషిని కాదు. మూడో రోజున రెండు పేజీల ఫిర్యాదు టైపు చేసి ఇచ్చాను. రంగు పోయిన సంగతి, చెక్క విరిగిన సంగతి, ఐదుగురిలో ఒకడికే ఇలా జరగడంలోని అన్యాయం, అన్నీ రాశాను. సార్జంట్ నిలబడి చదివాడు.

"స్పెల్లింగ్ తప్పులు లేవు," అని పైకి పంపాడు.

ఆరు వారాలకి జవాబొచ్చింది. పాత రివాల్వర్ పనికిరాదని తీసుకుపోయారు. కొత్తది మెరుస్తూ వచ్చింది. గెలిచానని అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. కొత్తదాని ట్రిగ్గర్ మాత్రం, నిండు చేదను ఒక్క వేలితో బావిలోంచి లాగినట్టు ఉండేది.

పనివేళలు ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు. జీపులో హీటర్ పనిచేసేది కాదు. దాని మీదా ఫిర్యాదు ఇచ్చాను. జవాబు రాలేదు.

"టూ-సిక్స్, ఎక్కడున్నావ్?" రేడియోలో సార్జంట్. టూ-సిక్స్ అంటే నేను.

"ఉత్తరం గేటు దగ్గర. గాలి ఎక్కువగా ఉంది."

"గాలి మనం కాయాల్సిన సామానుల్లో లేదు."

ఫిబ్రవరిలో ఫైరింగ్ రేంజికి వెళ్ళాం. సార్జంట్ నా పక్క వరసలో నిలబడ్డాడు. మొదటి తూటా పేల్చాడు. రెండోది పేలలేదు. చూస్తే ఆయన చూపుడు వేలు ట్రిగ్గర్ మీద ఉంది, వణుకుతోంది, ట్రిగ్గర్ కదలడం లేదు. మధ్య వేలు మార్చి లాగాడు. తూటా ఎక్కడికో పోయింది. ఎవరూ చూడలేదనుకుని రివాల్వర్ దింపేశాడు.

ఆయుధాల గది చూసే ఆర్మరర్ టెక్సాస్ అమ్మాయి. తుపాకీ అప్పజెప్పేటప్పుడు అడిగాను.

"వియత్నాంలో ట్రక్కు తలుపులో నలిగింది ఆ వేలు," అంది. "ఏటేటా బిగుసుకుపోతోంది. ఏప్రిల్లో పరీక్ష. యాభై తూటాల్లో ముప్పై అయిదు తగలాలి. తప్పితే మెడికల్ బోర్డు, ఇంటికి. అప్పటికి ఆయనకి ఇరవై ఏళ్ళ సర్వీసు నిండటానికి ఇంకా ఏడు నెలలుంటుంది."

"నిండకపోతే?"

"పెన్షన్ లేదు, ఏమీ లేదు. నిరుడు తన పాత రివాల్వర్‌తో గట్టెక్కాడు. పదకొండేళ్ళు మోశాడు దాన్ని. ట్రిగ్గర్ వెన్నలా ఉండేది."

"ఏదీ అది?"

ఆమె నా వైపు చూసింది. "రబ్బరు బ్యాండు ఉన్నది. కొత్తవాడికి మెత్తటిది ఇవ్వాలని ఆయన పట్టు. పరీక్ష రోజు నీ దగ్గర ఒక గంట అడిగి తీసుకుందామనుకున్నాడు. నువ్వేమో ఇంగ్లీషు బాగా రాస్తావు."

నా ఫిర్యాదులో ప్రతి మాటా నిజమే. ఇవాళ కూడా అదే అంటాను. కాని ఆ రోజు అన్నం తినలేకపోయాను.

ఆదివారం అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ అప్పుడు చికాగోలో ఒక ఆస్పత్రిలో నర్సు.

"రెండు చేతులూనా, కుడిదేనా?" అంది.

"కుడి చూపుడు వేలొక్కటే."

"ఎన్నేళ్ళయింది?"

"పన్నెండు."

"అయితే ఆ వేలు ఇంక రాదురా. దాన్ని పీడించకండి. ఎడం చెయ్యి బాగుందిగా? మా వార్డులో స్ట్రోక్ పేషెంట్లకి రెండో చేత్తో తినడం నేర్పిస్తాం. ముందు స్పూను, తరవాత బొత్తాం, తరవాత సంతకం. తినే చెయ్యి మారితే అన్నీ మారతాయి."

మళ్ళీ తనే, "నీకు నేను చెప్పాలా?" అంది.

చెప్పక్కర్లేదు. నేను పుట్టుకతో ఎడమచేతి వాటం. ఏలూరులో మా నాయనమ్మ అది ఒప్పుకోలేదు. ఎడం చేత్తో అన్నం ముట్టుకుంటే అది చర్చిలో ప్రభువు బల్లకి కూడా అవమానం అనేది. అయిదో ఏట నా ఎడమ చేతిని తన కొంగుతో మంచం కోడుకి కట్టేసి కుడిచేత్తో ముద్ద కలిపించేది. అన్నం ఒళ్ళో పడితే పిల్లలందరూ నవ్వేవాళ్ళు. నాయనమ్మ మంచిది, నన్ను పెంచింది. కాని ఆ కొంగు రంగు ఇప్పటికీ చెప్పగలను. నేరేడుపండు రంగు, సన్నంచు. చెయ్యి మారడమంటే ఏమిటో మా బెటాలియన్లో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

సోమవారం ఉదయం అయిదున్నరకి మెస్‌లో సార్జంట్ ఎదురుగా కూర్చున్నాను.

"ఫోర్కు ఎడం చేతిలోకి మార్చండి."

"ఎందుకు?"

"ఏప్రిల్ వస్తోంది."

ఎవరు చెప్పారని అడగలేదు. మార్చాడు. గుడ్డు జారి చొక్కా మీద పడింది. పక్క బల్ల దగ్గర ఎవరో నవ్వారు. నేను కూడా నా ఫోర్కు ఎడం చేతిలోకి తీసుకున్నాను. పదిహేడేళ్ళ తరవాత. నాకూ జారింది. కావాలని కాదు. ఆ చెయ్యి నిజంగానే మరిచిపోయింది.

అప్పట్నుంచి రోజూ మూడు పూటలా అలాగే తిన్నాం. సాయంత్రం ఆరున్నరకి ఆయుధాల గదిలో అరగంట సాధన. రివాల్వర్ ఖాళీ అని ఆర్మరర్‌తో కలిపి ముగ్గురం చూసి, గొట్టం మీద ఒక పెన్నీ నాణెం పెట్టేవాళ్ళం. పెన్నీ పడకుండా ట్రిగ్గర్ చివరిదాకా లాగాలి. మొదటి వారం పెన్నీ పడని రోజు లేదు.

"పడింది," అనేది ఆర్మరర్.

"వినబడింది," అనేవాడు ఆయన.

ఇంకో చిక్కుంది. పొట్టి రివాల్వర్ కుడిచేతి వాళ్ళ కోసం చేసింది. తూటాల సిలిండర్ ఎడమ పక్కకి తెరుచుకుంటుంది. పేలిన తూటాల ఖాళీ కేసులు నెట్టే కడ్డీ కూడా పొట్టిదే, సగం నెట్టి ఆగిపోతుంది. గొట్టం ఆకాశం వైపు నిలబెట్టి అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టాలి. ఎడం చేత్తో పట్టుకుని కుడి అరచేత్తో కొట్టడం నేర్పాను. వేలు పోయినా ఆయన అరచేతిలో పాడి రైతు బలం ఉంది. ఆ దెబ్బకి కేసులు గలగలా రాలేవి. ఆ చప్పుడుకి ఆయన ముఖం వెలిగేది.

మార్చిలో మా కంపెనీ కెప్టెన్‌కి తెలిసింది. "కుడీ లేదు, ఎడమా లేదు. ఏ చేత్తో సర్వీసు చేశాడో ఆ చేత్తోనే పరీక్ష," అన్నాడు.

"అది ఎక్కడ రాసుంది, సర్?"

"నేను చెబుతున్నాను, ప్రొఫెసర్."

నన్ను ప్రొఫెసర్ అన్నది అది నాలుగోసారి. నిబంధనల పుస్తకం రెండు ఆదివారాలు చదివాను. ఎన్ని గజాలు, ఎన్ని సెకన్లు, ఎన్ని తూటాలు, టోపీ ఉండాలా అక్కర్లేదా, అన్నీ ఉన్నాయి. ఏ చెయ్యో లేదు. మూడు పేజీల ఫిర్యాదు రాశాను. నా జీవితంలో అంత బాగా ఇంకేదీ రాయలేదు. సార్జంట్ చదివాడు.

"స్పెల్లింగ్?" అన్నాను.

"తప్పులున్నా పంపేవాణ్ణి," అన్నాడు.

తొమ్మిది రోజులకి ఒకే వాక్యం జవాబు: ఏ చెయ్యయినా అభ్యంతరం లేదు.

ఏప్రిల్ మూడో వారం, గురువారం, ఉదయం తొమ్మిది. ముప్పై ఎనిమిది డిగ్రీల ఫారన్‌హీట్. ఎడమ నుంచి గాలి, అందులో ఉప్పు దుమ్ము. కెప్టెన్ గడియారం పట్టుకుని నిలబడ్డాడు. నేను సార్జంట్ వెనక పది అడుగుల దూరంలో ఉన్నాను, మాట్లాడకూడదు. ఏడు గజాల దగ్గర బాగా కాల్చాడు. పదిహేను దగ్గర కొన్ని పోయాయి. పాతిక గజాలకి వెళ్ళేసరికి ముప్పై తగిలాయి. ఇంకా రెండు సార్లు అయిదేసి.

మొదటి అయిదులో మూడు తగిలాయి. సిలిండర్ తెరిచాడు, కొట్టాడు. నాలుగు కేసులు రాలాయి. ఒకటి సగంలో ఇరుక్కుంది. కుడి చూపుడు వేలు అలవాటుగా దాన్ని లాగబోయింది. వంగలేదు. సెకన్లు పోతున్నాయి. నేను నోరు తెరవలేదు. గొట్టం ఇంకాస్త నిటారుగా ఎత్తి, అరచేత్తో మళ్ళీ కొట్టాడు. కేసు రాలి సిమెంటు మీద మోగింది. అయిదు తూటాలు వేసి, అయిదూ పేల్చాడు. విజిల్ అయిదోదాని వెంటే వినబడింది.

కెప్టెన్ గురి అట్ట దగ్గరికి వెళ్ళి రెండుసార్లు లెక్కపెట్టాడు. "ముప్పై ఆరు," అని సంతకం పెట్టాడు. ఇంకేమీ అనలేదు. అననందుకు ఆయన మీద నాకున్న ఫిర్యాదుల్లో ఒకటి కొట్టేశాను.

సార్జంట్ చెవుల దూది తీసుకుంటూ నా దగ్గరికొచ్చాడు. "ఏదో ఒక ఫిర్యాదు ఉండే ఉంటుంది నీకు."

"చివరిది తొందరపడి లాగారు, సార్జంట్."

"అవును," అన్నాడు.

ఆయన ఆ నవంబరులో రిటైరయ్యాడు. నేను ఇంకో ఏడాది ఉండి ఇల్లినాయ్ తిరిగొచ్చాను. మా ఊళ్ళో ఎవరికీ చెప్పుకోదగ్గ కథ కాదది. 1984లో, పెళ్ళయిన ఏడాదికి, సెకండ్‌హ్యాండ్‌లో ఒక పొట్టి రివాల్వర్ కొన్నాను. మా ఆవిడ నెల రోజులు మాట్లాడలేదు. ఇనప్పెట్టెలో తాళం వేసి ఉంటుంది. ఏటా ఏప్రిల్లో ఒక ఉదయం రేంజికి తీసుకెళ్ళి, ఎడం చేత్తో పాతిక గజాల నుంచి అయిదే తూటాలు కాలుస్తాను. ఎప్పుడూ మూడు మించి తగలవు.

ఆయన రిటైరైన రోజు ఉదయం బస్సు దగ్గరికి నేనే జీపులో దింపాను. హీటర్ ఇంకా పనిచేయడం లేదు. దిగి, బ్యాగు కింద పెట్టి, చెయ్యి చాచాడు. ఎడమ చెయ్యి. ఎడం చేత్తో ఏదైనా ఇచ్చినా, పుచ్చుకున్నా మావాళ్ళలో ఎంత తప్పో ఆయనకి తెలియదు. ఎవరైనా నాకు ఎడం చెయ్యి చూపిస్తే నేను పదేళ్ళు గుర్తుపెట్టుకుంటాను. గ్లవ్ తీసి, నేనూ ఎడమ చెయ్యే ఇచ్చాను. ఆ చూపుడు వేలి మీద, ట్రిగ్గర్ తగిలే చోట, బఠాణీ గింజంత కాయ కాసి ఉంది. కొత్త కాయ. గట్టిగా, వెచ్చగా, నా వేలికి తగులుతూ ఉంది, డ్రైవర్ హారన్ కొట్టేదాకా.