వృత్తి అనే గడి

అర్థశాస్త్రం చదివినవారు ఏమవుతారని మీ ఇంట్లో ఎవరైనా అడిగితే, బ్యాంకు పేరు ఎత్తకుండా మీరు జవాబు చెప్పగలరా?

పంతొమ్మిది వందల అరవైల చివర, ఎం.ఏ. పూర్తి చేసిన వేసవిలో, నేను చెప్పగలననుకున్నాను. విశ్వవిద్యాలయంలో డిబేట్లు గెలిచిన గొంతు నాది. తార్నాకలోని మా అద్దె ఇంటికి ఒకే వారంలో రెండు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి బ్యాంకులో గుమాస్తా ఉద్యోగం. రెండవది మా ఆచార్యుల సిఫారసుతో వచ్చిన సర్వే పని. ఏడాదిపాటు పల్లెల్లో తిరిగి, కూలి కుటుంబాలు ఎలా బతుకుతున్నాయో అడిగి రాయాలి. నా మనసు దానిమీదే ఉంది. మర్నాటికల్లా జవాబు పంపాలి. అందుకు నాయిన ఒప్పుకోవాలి.

నాయిన రైల్వే వర్క్‌షాపు నుంచి వచ్చి వరండాలో సైకిలు గొలుసు సరిచేస్తున్నాడు. నేను ఎదుట నిలబడి, సర్వేతో మొదలుపెట్టినవారు అధ్యాపకులు కావచ్చునని, గణాంక శాఖలోనో ప్రణాళికా శాఖలోనో చేరవచ్చునని, పత్రికలకు రాయవచ్చునని, సివిల్ సర్వీసు పరీక్షకు కూడా కూర్చోవచ్చునని వాదించాను.

"డిబేట్ల లెక్క గంట కొట్టేదాక ఆపవా బిడ్డా?" అన్నాడు నాయిన. "గవన్నీ అయితయి, కాదనను. ముందుగాల గా పని ఎట్ల చేస్తవో జర చూపియ్యి."

ఉత్తరంతోపాటు వచ్చిన సర్వే నమూనా పత్రం తెచ్చి, బర్రెలకు కుడితి కలుపుతున్న అమ్మ ముందు కూర్చున్నాను.

"మీ వృత్తి ఏమిటండీ?"

"గిదేంది, నన్ను మీరంటున్నవు? సుట్టాన్నా నేను?" అని అమ్మ నవ్వింది. "మనది ఎవుసమే గద."

గడిలో 'వ్యవసాయం' అని గుండ్రటి అక్షరాలతో రాశాను. నాయిన నా భుజం మీదుగా తొంగిచూశాడు.

"ఊర్ల భూమి ఇడిసి పన్నెండేండ్లాయె. మీ అమ్మ పొద్దుగాల లేసి లాలాపేట్ దాక పాలు పోసొస్తది. నువ్వేమో ఎవుసమని రాస్తివి. నీ పుస్తకాలు ఏ పొలంల పండినయి?"

మా ఇళ్లలో వృత్తి అంటే కులం పని. రోజూ చేసే పనిని ఆ మాటతో ఎవరూ అడగరు. ఆ ఇంట్లోనే పుట్టి పెరిగి కూడా నేను పుస్తకంలోని మాటే అడిగాను. రాసింది కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాను.

"అమ్మా, పొద్దుగాల లేస్తే ఏమేం చేస్తవే?"

అమ్మ చెప్పసాగింది. గడి చాలక కాగితాన్ని వెనక్కి తిప్పాను.

నాయిన చేతులు తుడుచుకుని బ్యాంకు ఉత్తరాన్ని మడిచి పక్కన పెట్టాడు. "బ్యాంకుల నువ్వు తప్పు రాస్తే ఎవడన్న దిద్దుతడు. గాడ ఊర్లల్ల తప్పు రాస్తే దిద్దెటోడు ఉండడు. పో బిడ్డా. ఒకటికి రెండుసార్లు అడుగు."

"అండీ గిండీ అనకు, ఎవ్వరు చెప్పరు," అంది అమ్మ.

మీ ఇంట అర్థశాస్త్రం చదివే పిల్లలుంటే ఈ రోజే వారి చేతికి ఒక తెల్ల కాగితం ఇవ్వండి. అమ్మ రోజంతా ఏమేం చేస్తుందో అడిగి రాయమనండి. అది చదివాకే ఉద్యోగాల మాట ఎత్తండి.