ముందు వైపు దిగే కొమ్మ

జహీర్ లేడు.

నిన్న మధ్యాహ్నం వాళ్ళ కాలేజీ అటెండర్ ఫోన్ చేసి "సార్ పోయిండు సార్" అంటే, ఎక్కడికి పోయాడు అని అడిగాను. నిజంగానే అడిగాను. బుర్ర పని చెయ్యలేదు.

ఇంటర్ నుంచి నా దోస్తు. చర్ల దగ్గర జువాలజీ లెక్చరర్.

తల్లాడలో వాళ్ళ నాన్నది మటన్ దుకాణం. గుండె పాఠం వచ్చిందంటే మేక గుండె కవర్లో కట్టుకుని బస్సెక్కేవాడు. పక్క సీటాయన లేచిపోతే కాళ్ళు చాపుకుని కూర్చునేవాడు, దొంగ.

ఒకసారి ఆ క్లాసులో నేనూ కూర్చున్నాను.

గుండె నుంచి బయటికొచ్చే పెద్ద రక్తనాళం మొదట్లోనే రెండు సన్నని గొట్టాలు. సిరంజితో ఎర్ర ఇంకు ఎక్కించాడు. ఎడమ గొట్టం కాస్త దూరం పోయి చీలింది. ఒక కొమ్మ చుట్టు తిరిగి వెనక్కి, ఇంకోటి ముందు వైపు కిందికి. ఇంకు పాకుతుంటే క్లాసంతా బల్లల మీంచి ముందుకు వంగింది.

ఒక కోయ పిల్ల లేచి, "గుండె నిండ రక్తమే ఉంటది కద సార్, మళ్ళ దానికి వేరే గొట్టాలెందుకు?" అంది.

"వండేటామె గరిటెతోని తింటదా బిడ్డా? ఆమెకు గూడ కంచం పెట్టాలె."

ఆ పిల్ల ప్రశ్న గురించి వారం రోజులు మురిసిపోయాడు.

నిన్న పొద్దున ఫోన్లో అదే గొంతు. అటెండర్‌ను వెంటబెట్టుకుని జీపులో వస్తున్నాడు. దుమ్ముగూడెం దాటాక వాగు పొంగి రోడ్డు బంద్. ఇక్కడ ఖమ్మంలో డాక్టర్ రెడీ, బెడ్ రెడీ. నేను దవాఖానా గేటు దగ్గర.

"అరే శీను, ముందు దిగే కొమ్మనే మూసుకపోయింది అనుకుంట రా. ఎడమ చెయ్యి గుంజుతుంది. నీళ్ళు తగ్గుతలేవు."

ఏం చెయ్యాలి నేను? ఇంత దూరంలో నిలబడి ఏం చెయ్యాలి? తెలిసిన ప్రతి ఆఫీసుకూ ఫోన్ చేశాను. మా దేవుడికి మొక్కాను, వాళ్ళ దేవుడికీ మొక్కాను. వాన ఆగలేదు.

మళ్ళీ సిగ్నల్ దొరికినప్పుడు ఒక్కటే అడిగాడు.

"రిజ్వానాకు గ్యాస్ నొప్పి అని చెప్పిన రా. నువ్వు గూడ గట్లనే చెప్పు. ఊకె భయపడ్తది."

రిజ్వానా వాడి భార్య, మా భాభి. ఇంటి నుంచి ఫోన్ చేస్తే చెప్పాను. గ్యాసే భాభీ, సోడా తాగితే తగ్గిపోద్ది అన్నాను. ఆమె నవ్వింది కూడా.

ఇవాళ జనాజా అయిపోయింది, మట్టి ఇచ్చి వచ్చాం.

భాభి ఏడవడం లేదు. నేను కనబడ్డప్పుడల్లా "గ్యాసే అన్నవ్ కద అన్నా" అంటోంది.

ఆమెకేం చెప్పాలో అది కూడా చెప్పి పోవాల్సిందిరా.

ఏ నొప్పీ లేని చోట చల్లగా పడుకో, జహీర్.