తిమింగలం దగ్గర కొసరు

జగ్గయ్యపేటలో మా కిరాణా కొట్టుకు వచ్చినవాళ్ళు తూకం అవగానే సంచి మూయరు. నోరు తెరిచిన సంచితో అలాగే నిలబడతారు. అది కొసరు కోసం. కందిపప్పయితే ఓ గుప్పెడు, బెల్లమైతే ఓ ముక్క అదనంగా పడితేగాని బేరం పూర్తయినట్టు కాదు. నేను ఆ గల్లాపెట్టె పక్కనే పెరిగాను. తర్వాత నందిగామలో సొంత కొట్టు పెట్టుకున్నాక, ఇచ్చే కొసరు తగ్గించడం, పుచ్చుకునే కొసరు పెంచడం నాకు బాగా వంటబట్టాయి. పెళ్ళి విస్తరి ముందు కూడా "ఇంకొంచెం" అనకుండా లేచినవాణ్ణి కాను.

నాన్న పోయాక జగ్గయ్యపేట కొట్టు అమ్మే చూసుకునేది. తొంభైల చివర్లో ఆమెకు రెండు కళ్ళలోనూ శుక్లాలు వచ్చాయి. ఇంకా ముదరలేదు, ముదిరాక తీద్దామన్నారు డాక్టరుగారు. ఈలోగా ఒకరోజు, వత్సవాయి నుంచి ఎప్పుడూ వచ్చే ఆవిడ పంచదార అడిగితే అమ్మ ఉప్పు కట్టి ఇచ్చింది. ఆవిడ మర్నాడు వచ్చి, "మీ దయవల్ల మా ఇంట్లో పాయసం సముద్రమైపోయిందమ్మా" అని పకపకా నవ్వింది. అమ్మ నవ్వలేదు. గల్లా దగ్గర కూర్చోవడం ఆ రోజుతో మానేసింది. కొట్టు గుమాస్తాకు అప్పగించి, ఇంట్లో గోడవైపు తిరిగి పడుకునేది. నేను నందిగామ నుంచి వెళ్ళి పలకరించినా ఇటు తిరిగేది కాదు. చూడ్డానికేముంది, అంతా మసకే కదా అనేది.

అలాంటి ఒక మధ్యాహ్నం, పొట్లాలు కట్టే పాత పేపర్లలోంచి ఓ ముక్క ఆమెకు చదివి వినిపించాను. విశాఖ అవతల ఒక జాలర్ల ఊరివాళ్ళు జనాన్ని తమ పడవల్లో తీసుకెళ్ళి, వాటికి ఇబ్బంది కలగనంత దూరం నుంచి తిమింగలాలను చూపిస్తున్నారని అందులో ఉంది. అమ్మ ఇటు తిరిగింది.

"ఎంతుంటుందిరా అది?"

"లారీ అంత ఉంటుందట."

"మన రోడ్డున పోయే సిమెంటు లారీ అంతా?"

"దానికన్నా పెద్దదేనేమో."

అమ్మ లేచి కూర్చుంది. "అంత ఉంటే నాక్కూడా కనపడుద్ది కదరా!"

ఆ మాట తర్వాత ఇక ఆగలేకపోయాను. బెజవాడ వెళ్ళి రైలెక్కాం, విశాఖలో దిగి బస్సు పట్టుకున్నాం. ఆ ఊళ్ళో ఎండుచేపల వాసనకు అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది గానీ, వెనక్కి పోదామనలేదు. తాటాకు పందిరి కింద ఒకావిడ పడవల వంతులు చూస్తోంది. ఆ పూట వంతు ఆవిడ పడవదే. ఇంజన్ దగ్గర ఆవిడ భర్త.

నేను అలవాటు ప్రకారం రేటు దగ్గర మొదలుపెట్టాను. ఆవిడ దిగలేదు.

"ఊరంతా కూకుని పెట్టిన రేటు బాబూ. నేను తగ్గిత్తే రేపు నా పడవ ఒడ్డునే ఉంటాది."

"పోనీ, కొసరేమైనా?"

"గాలుంది కదా. ఎంత కావాలో అంత తీసుకోండి."

అమ్మ కొంగు చాటున నవ్వింది. ఆమె నవ్వి ఎన్నాళ్ళయిందో!

ఆ పొద్దున మబ్బు పట్టి ఉంది. ఎండ ఉంటే అమ్మ కళ్ళు చెదిరేవి. చాలా దూరం వెళ్ళాక ఆవిడ చెయ్యెత్తింది, భర్త ఇంజన్ ఆపేశాడు. ఎక్కడో నీటి మీద తెల్లగా ఆవిరిలాంటిది లేచి చెదిరిపోయింది. అదే దాని ఊపిరి అంది ఆవిడ. అంత దూరంలో నాకే సరిగా ఆనలేదు. ఇక అమ్మకేం కనిపిస్తుంది? నేను ఆవిడ వైపు తిరిగి కూర్చుని, అసలు బేరం అప్పుడు మొదలుపెట్టాను.

"ఇంకాస్త ముందుకు పోనివ్వమ్మా. మా అమ్మకి చూపు ఆనదు."

"కట్టుబాటు బాబూ. పిల్లతో ఉంది. ఇక్కడికే ఆగాల."

"ఓ పది బారలు."

"నేదు."

"అయిదు. డబ్బు ఎక్కువిస్తాను."

"మునుపు మావోలూ ఇలాగే ఎంబడించేవోలు. బెదిరిపోయి మళ్ళా ఇటు రానే నేదు. ఇప్పుడిప్పుడే ఒస్తన్నాయి. ఈ మాట తప్పితే ఊరు నా వంతు తీసేత్తాది. తీసెయ్యాల కూడాను."

"ఊరు చూడొచ్చిందా ఏంటమ్మా ఇక్కడికి? రెండు బారలు. కొసరనుకో."

ఆవిడ నాతో మాట్లాడటం మానేసి నా వెనక్కి చూస్తోంది. ఇంజన్ దగ్గరి మనిషి కూడా అటే చూస్తున్నాడు. ఇది కొత్తరకం ఎత్తు అనుకుని నేను ఇంకో బార తగ్గించాను.

"ఒరేయ్," అంది అమ్మ నా వీపు వెనక నుంచి, చిన్న గొంతుతో. "నల్లగా, మన వీధి అంత పొడుగ్గా లేచిందిరా. దాని పక్కన ఇంకోటి. చిన్నది. తల్లి ఒంటికి ఆనుకుని పోతోంది."

తిరిగి చూసేసరికి పడవకు దగ్గర్లోనే నీళ్ళు మూసుకుంటున్నాయి. చదునైన మెరుపు ఒకటి మిగిలింది, అంతే. ఆ తర్వాత ఎంతసేపు కళ్ళు చించుకుని చూసినా సముద్రమే కనిపించింది. ఇంకాసేపు ఉందామన్నాను. ఉండే సమయానికీ కట్టుబాటే ఉందట. పడవ తిరిగింది. దారి పొడుగునా అమ్మ ఆ చిన్నది ఎలా ఆనుకుని పోయిందో చేతులతో చూపిస్తూనే ఉంది. ఆవిడ "అవునమ్మా, అవునమ్మా" అంటూనే ఉంది.

ఆవిడ నా మాట విని ఇంజన్ వేసి ఉంటే, ఆ చప్పుడుకు తల్లీపిల్లా మునిగిపోయి ఉండేవి. అమ్మ మసకనే చూసి, మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుని ఉండేది. జీవితంలో చాలామంది దగ్గర చాలా కొసర్లు పుచ్చుకున్నాను. పుచ్చుకున్నవేవీ ఇప్పుడు గుర్తులేవు. ఆవిడ ఇవ్వనిది గుర్తుంది. ఒడ్డున దిగాక దణ్ణం పెట్టాను. "ఇది కూడా బేరమేనా బాబూ?" అంది ఆవిడ.

ఊరు చేరిన మర్నాడు అమ్మ గల్లా దగ్గర కూర్చుంది. శుక్లాలు తీసింది ఆ తర్వాతెప్పుడో. అప్పటిదాకా ప్రతి డబ్బాలోంచీ చిటికెడు తీసి, వేళ్ళతో నలిపి, నాలిక్కి రాసుకుని మరీ పొట్లం కట్టేది. వత్సవాయి ఆవిడ వచ్చినప్పుడు తిమింగలం సంగతంతా చెప్పింది. ఆవిడ బుగ్గన చెయ్యి పెట్టుకుని విన్నది.

"మరి మీ అబ్బాయి కూడా చూశాడా అమ్మా?"

"వాడెక్కడ చూశాడమ్మా, బేరంలో ఉన్నాడు," అంటూ అమ్మ, తెరిచి పట్టుకున్న ఆ సంచిలోకి మరో గుప్పెడు పంచదార వేసింది.