కొసరు గింజలు

నర్సరీ అక్కయ్య దగ్గర మొక్క కొన్నవాళ్ళెవరూ కొసరు లేకుండా వెళ్ళలేదు. గులాబీ కొంటే బంతి నారు, మల్లె అంటు కొంటే కాగితంలో చిటికెడు గింజలు. ముప్ఫై ఏళ్ళలో ఒక్క మొక్కకీ తప్పు పేరు చెప్పలేదని ఆవిడకి కాస్త గర్వం కూడా. ప్రతి కుండీకీ శాస్త్రీయ నామంతో చీటీ కట్టేది.

ఆ ఉదయం, వేరే దేశానికి బదిలీ అయిన టీచరమ్మకి కొసరు పొట్లం కట్టి ఇస్తుండగా చెల్లెలు వీడియో కాల్ చేసింది. చెల్లెలి కాపురం సముద్రం అవతల ఒక దీవిలో. ముఖంలో నెత్తురు చుక్క లేదు. పక్కన యూనిఫాంలో ఒక అధికారి.

ఇంటి వెనక కొండంతా ఏదో పూలచెట్టు పాకిపోయి, అక్కడి అడవిని మింగేస్తోందట. దాన్ని తెచ్చింది చెల్లెలేనని తేలితే ఇంటిల్లిపాదినీ దేశం దాటిస్తారట. చెట్ల సంగతి అక్కకే తెలుసని చెప్పి తప్పించుకోబోతే, సరే ఆవిడనే అడుగుదామన్నాడట.

అతను కొమ్మ చూపించాడు. దోసిలి పట్టినట్టున్న ఎర్రటి పూలు. అక్కయ్య ఫోను దగ్గరికి లాక్కుంది. మొగ్గ నొక్కి చూపించమని సైగ చేసింది, తను అనుకున్న చెట్టయితే వచ్చే నీళ్ళు రాకూడదని వెయ్యి దేవుళ్ళకి మొక్కుకుంటూ. చివ్వున నీళ్ళు చిమ్మాయి.

పదిహేనేళ్ళ కిందట చెల్లెలికి బట్టలు పంపుతూ, పార్శిల్ మూలన ఆ గింజలే పెట్టింది. ఊదితే ఎగిరే పల్చటి రెక్కల గింజలు. ఊరికే, కొసరుగా.

"ఇతనికి మన మాట రాదక్కా. ఈ చెట్టు నీకు తెలుసా అంటున్నాడు. తల అడ్డంగా ఊపు, చాలు," అంది చెల్లెలు, లేని నవ్వు తెచ్చుకుని.

అక్కయ్య ఊపింది. మెడ తనది కానట్టుంది. అధికారి ఏదో రాసుకుని లేచాడు. ఫోను కుండీకి ఆనించి, చెమట తుడుచుకుని ఇటు తిరిగేసరికి టీచరమ్మ పొట్లాన్ని సంచిలో వేసుకుంటోంది. అవే గింజలు. అక్కయ్య చెయ్యి చాచింది.

"అది ఇటిచ్చెయ్యండమ్మా."

"ఇచ్చిన కొసరు వెనక్కి అడుగుతారా ఎవరైనా? ఇంతకీ ఏం చెట్టిది?"

ఒక్క పూటలో రెండు అబద్ధాలు ఆవిడ వల్ల కాలేదు. కొండ కళ్ళముందే ఉంది.

"స్పాథోడియా," అంది, చీటీల అలవాటుకొద్దీ శాస్త్రీయ నామమే. "మీతో దేశం దాటనివ్వను."

వెనక నుంచి "అక్కా" అని సన్నగా వినిపించింది. కాల్ కట్ కాలేదు. తెరమీద, గుమ్మం దాకా వెళ్ళిన అధికారి ఆగిపోయి ఇటే చూస్తున్నాడు. మన మాటల్లో అతనికి తెలిసింది ఆ ఒక్క పేరే.