నాన్న తెచ్చిన స్కేలుకి సున్నా లేదు

ఈ నెలాఖరుకి మా నాన్న రిటైరవుతున్నాడు. ఆ రోజు ఇంట్లో ఉన్న ఒక వస్తువుని మా చిన్నాన్న కూతురి చేతిలో పెడతానంటున్నాడు. ఆలోగా నాన్నకి నేనొక నిజం చెప్పాలి... అందుకే ఇది ఇప్పుడే రాసి మన సంఘం గోడపత్రికకి ఇస్తున్నాను.

మా చిన్నప్పుడు... బాగ్‌బేరా రైల్వే క్వార్టర్లో ఓ సాయంత్రం. నాన్న రైలింజన్ల షెడ్డు నుంచి వచ్చి, చొక్కా కూడా విప్పకుండా, తోలు సంచీలోంచి తెల్లగా మెరిసే బద్ద ఒకటి తీశాడు. నాన్న ఖలాసీ, షెడ్డులో బరువులు మోసే పని. చదువు రాదు. మా ఇంట్లో బడికెళ్ళిన మొదటిదాన్ని నేనే.

"జామెట్రీకి స్కేలు కావాలన్నావు గదే. డ్రాయింగ్ ఆఫీసు సాబ్ పారేత్తంటే అడిగి తెచ్చాను. బజార్లో స్కేలుకి ఒక్క వరసే గీతలుంటాయి, దీనికి సూడు ఎన్ని వరసలో... లాగితే పొడుగవుతాది కూడాను."

నిజమే. మధ్య బద్ద జరిగేది, దానిపైన చిన్న అద్దం ముక్క కూడాను. మా అమ్మ దాన్ని కుంకుమ అంటకుండా దేవుడి గూటికి ఓ పక్కన పెట్టింది.

మర్నాడు క్లాసులో రెండు అంగుళాల గీత గీయమన్నారు. నా స్కేలుకి సున్నా కనబడలేదు. ఒకటి నుంచి మూడు దాకా గీశాను. పక్కనున్న మేరీ గీతకి రెండింతలు పైనే వచ్చింది. సరిచూద్దామని ఏడు నుంచి తొమ్మిదికి కొలిస్తే చిటికెన వేలిలో సగమంతే...

టీచరు చూసి నవ్వారు. "ఇది స్కేలు కాదే పిల్లా. స్లైడ్ రూలు. ఇంజనీర్లు దీన్ని అటూ ఇటూ జరిపి లెక్కలు కడతారు."

"ఎలా టీచర్?"

"నాకూ రాదమ్మా."

ఆ ఏడంతా మేరీ స్కేలే అడిగి వాడుకున్నాను. సాయంత్రమైతే నాన్న అడిగేవాడు, "గీతలు బాగా వత్తన్నాయా?" అని. "వత్తన్నాయి నాన్నా" అనేదాన్ని.

ఇక అప్పటినుంచీ ఎక్కడికెళ్ళినా నా కళ్ళకి అదే... గోవింద్‌పూర్ బస్సులో ఒకాయన జేబులోంచి తొంగిచూసేది. జుగ్సలాయి కలప డిపోలో ముసలాయన దుంగ చుట్టుకొలత తీసి, బద్ద జరిపి, ఘనపుటడుగులు చెప్పేసేవాడు. అడగడానికి నోరు రాలేదు.

ఓసారి మేరీ ఇంట్లో పిల్లల మాసపత్రిక తిరగేస్తున్నాను. చంద్రుడి మీదికి వెళ్ళే కథ. బొమ్మలో ప్రొఫెసరు చేతిలో అచ్చం మా ఇంట్లోదే... సన్న గీతలు, జరిగే అద్దంతో సహా. కింద మాత్రం "ప్రొఫెసరుగారు కొలబద్దతో దారి కొలుస్తున్నారు" అని రాశారు.

ఎంత హాయనిపించిందో చెప్పలేను. కథలు రాసేవాళ్ళు కూడా స్కేలే అనుకున్నారు. మా నాన్న ఒక్కడే కాదు.

నిజం చెప్పకుండానే కాలేజీ కూడా అయిపోయింది. మొన్న నాన్న దాన్ని తుడుస్తూ, "నువ్వు దీంతోనే సదివి ఇంతదానివయ్యావు. మీ చిన్నాన్న పిల్ల ఐదో క్లాసులోకొచ్చింది గదా, ఇంక దానికిద్దాం" అన్నాడు.

ఆ పిల్ల దాన్ని బడికి పట్టుకెళ్ళిన మొదటిరోజే ఇంటికొచ్చి చెప్పేస్తుంది. ఇది స్కేలు కాదని నాన్న ఆ పిల్ల నోటివెంట వినకూడదు. అలాగని నేను వెళ్ళి "నువ్వు తెచ్చింది స్కేలు కాదు నాన్నా" అని ఊరుకోలేను. నాన్న ఎదురుగా కూర్చుని, దాంతో ఒక్క గుణకారమైనా చేసి చూపించి చెప్పాలి.

ఇప్పుడు అందరి జేబుల్లోనూ కాలిక్యులేటర్లే. బద్ద జరిపేవాళ్ళు బస్సులో కనబడటం మానేశారు... అగ్రికో కాలనీలోనో, ఇక్కడే మన వీధిలోనో, ఆ పని తెలిసిన పెద్దలుంటే ఈ నెల ఇరవై ఐదో తేదీలోగా ఈ కాగితం కిందే మీ క్వార్టర్ నంబరు రాసి వెళ్ళండి. మీ ఇళ్ళల్లో ఇలాంటి వస్తువుల కథలుంటే అవీ రాయండి, చదువుతాను. అందాకా నాన్నతో మాత్రం ఎవరూ అనకండి.

సాయంత్రం ఆరు తర్వాత నేనే వస్తాను. నేర్చుకోవడానికి ఎన్నిసార్లైనా వస్తాను.