రేంజర్ సాబ్ తేలిక రైఫిల్

1955 ఎండాకాలం. చత్తాబజార్‌లో ఒక ఇరుకు గల్లీ చివర మా తుపాకుల మరమ్మతు దుకాణం ఉండేది. "మా" అంటున్నాను గానీ లైసెన్సు, పేరు, పనిముట్లు అన్నీ సాలేహ్ ఉస్తాద్‌వే. బార్కస్‌లో ఉండే అరబ్బు కుటుంబం ఆయనది, తాతల నాటి నుంచి ఇదే పని. నేను వడ్రంగుల ఇంట్లో పుట్టినవాణ్ణి, అందరూ చారీ అనే పిలిచేవారు. కొయ్యపని చేసిపెట్టడానికి పదహారో ఏట ఆయన దగ్గర చేరి, పన్నెండేళ్లలో ఇనుము పని కూడా నేర్చుకున్నాను. జాగీర్లు పోయిన రోజులవి. దేవిడీల్లో, అంటే నవాబుల పాత భవంతుల్లో, మూలపడ్డ వేట తుపాకులు బాగుచేతకని కొన్ని, అమ్మిపెట్టమని కొన్ని మా దగ్గరికి వస్తుండేవి.

ఒకరోజు పొద్దున రాఘవరెడ్డి గారని ఒకాయన వచ్చారు. నల్లమలలో ఫారెస్టు రేంజరు. నలభై అయిదేళ్లుంటాయి. కిందటేడు ఎలుగుబంటి మీదపడి ఎడమ భుజం చీల్చేసింది. వైద్యం కోసం కిషన్‌బాగ్‌లో అక్కగారింట్లో ఉంటున్నారు. తన రైఫిల్ బల్ల మీద పెట్టి కుర్చీలో కూలబడ్డారు.

"చారీ, తుపాకి లేపుత. లేపినంక నిలుస్తలేదు. పది లెక్కవెట్టే లోపల చెయ్యి వణుకుతది. పెద్ద సాబు రెండు నెలల గడువిచ్చిండు. అప్పటికి తుపాకి పట్టకపోతె సిటీల ఫైళ్ల కాడ కూసోమంటున్నడు. ఇరవై ఏండ్లు అడివిలున్నోణ్ణి, గా ఫైళ్ల ముందర నేనేం బతుకుత?"

అది పాత జర్మన్ బోల్ట్ యాక్షన్ రైఫిల్. బోల్ట్ అంటే తలుపు గడియ లాంటిదే అనుకోండి. పిడి ఎత్తి వెనక్కి లాగి తూటా పెట్టి, ముందుకు తోసి కిందికి దించితే గడియ పడుతుంది. తూటా పేలినప్పుడు ఆ దెబ్బంతా మోసేది ఆ గడియే. రైఫిల్ తొమ్మిదిన్నర పౌన్ల పైనే తూగింది. అసలు చిక్కు బరువుతో కాదు, ఆ బరువు ఉన్న చోటుతో వచ్చింది. సగానికి పైగా గొట్టం వైపే ఉంది. అదంతా దెబ్బతిన్న ఎడమ చేతి మీదే పడుతోంది.

ఉస్తాద్ రైఫిల్‌ని రెండు వేళ్ల మీద నిలబెట్టి చూసి, నా వైపు తిరిగాడు. "లోహా మై దేఖ్తా, కుందా తూ దేఖ్." ఇనుము ఆయన చూసుకుంటాడు, కుందా నేను చూడాలి. కుందా అంటే భుజానికి ఆనించే కొయ్య భాగం.

కుందా చెక్కే ముందు మామిడి కొయ్యతో ఉత్త నమూనాలు చేశాను. రాఘవరెడ్డి గారు వారానికి రెండుసార్లు వచ్చి, రైఫిల్ గొట్టం బిగించిన నమూనాను భుజానికి ఆనించి, ఎదురుగా ఉన్న అత్తరు దుకాణం బోర్డుకేసి గురి పట్టేవారు. నేను లెక్కపెట్టేవాణ్ణి. మొదటి దానితో పన్నెండు, రెండోదానితో పద్దెనిమిది. నాలుగోదాన్ని ఎడమ చేయి దగ్గరికి వచ్చేలా కురచ చేసి, పట్టు సన్నంగా చెక్కాను. నలభై దాటింది.

"ఇగో, నిలిచింది చారీ!" అన్నారాయన, చెయ్యి దించకుండానే. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఆ కొలతకే ఎండిన అక్రోట్ కొయ్యతో అసలు కుందా చేశాను. ఉస్తాద్ గొట్టం కొంచెం తగ్గించి, అనవసరమైన ఇనుమంతా తీసేశాడు. అన్నీ కూడితే ఏడు పౌన్లు కూడా లేదు. మరీ తేలికైతే వెనక్కి తన్నే దెబ్బ ఎక్కువ కాబట్టి కుందా చివర మెత్తటి రబ్బరు బిగించాం. రైఫిల్ తయారయ్యాక కూడా ఆయన రోజూ వచ్చి, తూటా లేకుండానే వంద సార్లు ఎత్తి, బోల్ట్ తీసి మూసి సాధన చేసేవారు.

బార్కస్ అవతల రాళ్ల క్వారీలో పరీక్షించాం. మొదట దిమ్మకు కట్టి, దూరం నుంచి తాడుతో పేల్చాం. తర్వాత ఉస్తాద్, ఆ పైన రాఘవరెడ్డి గారు. అయిదింటికి అయిదూ గురికి తగిలాయి. ఆ సాయంత్రం రైఫిల్‌ని శుభ్రం చేసింది నేనే. మర్నాడు ఆయన దాన్ని తీసుకుని అడవికి వెళ్లిపోయారు.

మూడోనాడు ఒక దేవిడీ నుంచి మనిషి తమ రైఫిల్ తీసుకెళ్లడానికి వచ్చాడు. అది కూడా రాఘవరెడ్డి గారి దాని కంపెనీదే, అదే రకం. క్వారీకి వెళ్లకముందే శుభ్రం చేయడానికి ఇచ్చి వెళ్లారు. తిరిగి ఇచ్చే ముందు ఉస్తాద్ గేజ్ పెట్టి బోల్ట్ మూయబోయాడు. గేజ్ అంటే తూటా కొలతకు చేసిన ఉక్కు ముక్క. బోల్ట్ చివరిదాకా దిగలేదు. మళ్లీ తోశాడు. బయటికి తీసి పిడి కింద చెక్కిన అంకె చూశాడు. ఆయన ముఖం తెల్లబోయింది.

"చారీ, యే బోల్ట్ ఇస్కా నై."

అది దేవిడీ వాళ్ల తుపాకి బోల్ట్ కాదు, రాఘవరెడ్డి గారిది. క్వారీ నుంచి వచ్చిన సాయంత్రం రెండు రైఫిళ్ల బోల్టులూ ఒకే పళ్లెంలో కిరోసిన్ పోసి కడిగింది నేనే. బిగించేటప్పుడు తుపాకి మీది అంకె, బోల్ట్ మీది అంకె ఒకటేనా అని చూడలేదు.

ఇది ఎంత ప్రమాదమో చెప్పాలి. ఏ బోల్ట్‌నైనా దాని గొట్టానికి సరిపోయేలా వెంట్రుకవాసి లెక్కతో అమరుస్తారు. తూటా వెనక వదిలే ఆ సందును హెడ్‌స్పేస్ అంటాం. రాఘవరెడ్డి గారి బోల్ట్ ఇక్కడ బిగుతుగా ఉందంటే, అక్కడ ఆయన తుపాకిలో ఉన్నది వదులుగా ఉండొచ్చు. పేల్చినప్పుడు తూటా గొట్టం చిట్లి, నిప్పులాంటి గాలి వెనక్కి, పేల్చినవాడి కళ్ల మీదికే కొడుతుంది.

ఉస్తాద్ నన్ను తిట్టడానికి కూడా ఆగలేదు. దేవిడీ మనిషికి జరిగింది చెప్పి వారం ఆగమన్నాడు. రేంజ్ ఆఫీసుకు తంతి కొట్టించాడు. ఆ అడవిలోకి తంతి ఎప్పుడు చేరుతుందో ఎవరికీ తెలియదు. సరైన బోల్ట్‌ని గుడ్డలో చుట్టి, గేజ్‌తో పాటు నా చేతిలో పెట్టి, "భాగ్" అన్నాడు, పరుగెత్తమని.

కాచిగూడలో రైలెక్కి జడ్చర్లలో దిగాను. అక్కడి నుంచి బస్సు, ఆ పైన వెదురు లారీ. మర్నాడు మధ్యాహ్నానికి గాని రేంజర్ క్వార్టర్ చేరలేకపోయాను. దారి పొడుగునా ఆయన కళ్లే గుర్తొచ్చాయి. క్వార్టర్ ముందు ఆయన భార్య బియ్యం చెరుగుతున్నారు. తంతి రాలేదట.

"సారు పొద్దుగాలనే అడివిలకు వొయిండు బాపు. నీళ్ల మడుగు కాడ ఎలుగుబంటి తిరుగుతున్నదని గార్డును తోలుకొని వొయిండు. కొత్త తుపాకి పట్టుకపొయిండు," అన్నారామె సంబరంగా.

ఏ దిక్కుకు వెళ్లారో ఆమెకు తెలియదు. వసారాలో కూర్చున్నాను. ఆమె ఇచ్చిన మజ్జిగ పక్కన పెట్టి బాట వైపే చూస్తున్నాను. ఎక్కడో ఎండుకొమ్మ విరిగినా తుపాకి మోతలా వినిపించేది. రెండు గంటలైంది, మూడు గంటలైంది. అప్పుడు బాట మలుపులో ఇద్దరు మనుషులు కనిపించారు. ముందు నడుస్తున్నది రాఘవరెడ్డి గారే. 

"ఏందయ్యా చారీ, నువ్వెట్లొచ్చినవ్?"

"పేల్చిండ్రా సార్? తుపాకి పేల్చిండ్రా?"

"యాడ పేల్చిన! ఎలుగు ముప్పై అడుగుల కానొచ్చింది. లేపిన. చెయ్యి మంచిగనే నిలిచింది. గని తూటా వెట్టి బోల్ట్ మూసేకాడ ఏందో తేడా కొట్టింది. నీ దుకాణంల చివర్ల జర పట్టుకొని దిగేది. ఇయ్యాల ఊగులాడుకుంట దిగింది. ముందుగాల నా చెయ్యే ఖరాబనుకున్న. మల్ల యాదికొచ్చింది, ఖరాబైంది ఎడమది గదా, బోల్ట్ మూసేది కుడిది! తూటా తీసేసి డబ్బా కొట్టి ఎలుగును తోలినం."

వసారా స్తంభం పట్టుకుని ఏడ్చాను. ఇరవై ఎనిమిదేళ్లవాణ్ణి, ఆయన భార్య ముందు, గార్డు ముందు, ఏ సిగ్గూ లేకుండా ఏడ్చాను.

ఊరికే చూసిపోదామని వచ్చానని చెప్పి, గుట్టుగా బోల్ట్ మార్చేయొచ్చు. ఆ ఆలోచన రాకపోలేదు. కానీ ముప్పై అడుగుల దూరంలో ఎలుగు ముందు తుపాకి దించుకున్న మనిషికి అబద్ధం చెప్పలేకపోయాను. పళ్లెం సంగతి, అంకెల సంగతి అంతా చెప్పాను. ఆయన బోల్ట్ బయటికి తీసి, దాని మీది అంకె చూసుకున్నారు. ఆమె చాట పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోయారు.

చివరికి ఆయనే అన్నారు. "బోల్ట్ మార్చు. ముందు నువ్వు పేల్చు, నేను సూస్త."

మార్చాను. గేజ్ పెట్టి చూశాను. బోల్ట్ పట్టుకుని దిగింది. క్వార్టర్ వెనక చెదలపుట్టకు గురిపెట్టి, నా భుజానికే ఆనించి పేల్చాను. ఖాళీ తూటా గొట్టం తీసి ఆయన అరచేతిలో పెట్టాను. వేళ్ల మధ్య తిప్పి తిప్పి చూశారు. ఎక్కడా చీలిక లేదు.

"ఇటు తే," అని తుపాకి అందుకున్నారు. ఒకసారి బోల్ట్ తీసి మూశారు. ముఖం విప్పారింది. "ఆఁ, గిది నాది!" వరసగా మూడు పేల్చారు. ఆ రాత్రి వాళ్లింట్లోనే అన్నం తిన్నాను. ఆమె కూడా నాకు రెండోసారి పప్పు వడ్డించారు.

తిరిగి వచ్చేసరికి ఉస్తాద్ గల్లీ మొదట్లోనే నిలబడి ఉన్నాడు. "నై చలాయా," అన్నాను, రేంజర్ గారు పేల్చలేదని. ఉస్తాద్ రెండు చేతులతో ముఖం తుడుచుకుని, నా భుజాలు పట్టుకుని ఊపేశాడు. అప్పుడు తిట్టాడు, గల్లీ అంతా వినేలా. ఆ తిట్లు వింటుంటే మూడు రోజుల తర్వాత మొదటిసారి నాకు ఆకలి వేసింది.

రాఘవరెడ్డి గారు రిటైరయ్యేదాకా అడవిలోనే పనిచేశారు. ఆ తర్వాత నేను ఒకేసారి రెండు తుపాకులు విప్పలేదు. పని ముగిశాక, ఖాళీ తుపాకిని మనిషి చేతికిచ్చి, నా ఎదుటే పదిసార్లు తీసి మూయమంటాను. ఎట్లున్నది అని అడుగుతాను. అంతా బాగుందని వెంటనే అన్నవాళ్లను మళ్లీ మూయమంటాను. ఎక్కడైనా చిన్న తేడా ఉందని ఎవరన్నా సణిగితే మాత్రం, వాళ్లకు తుపాకుల గురించి ఏమీ తెలియకపోయినా సరే, ఎదురు చెప్పను. బల్ల మీద పెట్టి మొదటి నుంచి చూస్తాను.