గ్రీకు రెస్టారెంట్‌లో నిమ్మచెక్క

కీమో మొదలైన దగ్గర్నుంచి మా ఆవిడ సునీతకి ఏం తిన్నా ఇనుము నాకినట్టే ఉంటోంది. మూడు వారాలుగా గంజి మీదే ఉంది. మన వంటలేవీ పనికిరాక, దిక్కుతోచక, ఈ మధ్యాహ్నం మేముండే బీర్‌గావ్ నుంచి పక్కనే ఉన్న రాయ్‌పూర్ తీసుకెళ్లి మాల్‌లో కొత్తగా తెరిచిన గ్రీకు రెస్టారెంట్‌లో కూర్చోబెట్టాను. ఎప్పుడూ తినని రుచైతే గొంతు దిగుతుందేమోనని ఆశ.

కాల్చిన చికెన్, పిటా రొట్టె, ఆలివ్‌లు, ఏదో పెరుగు పచ్చడి చెప్పాను. ఒక్కొక్కటీ నాలుక మీద పెట్టుకుని పక్కకి నెట్టేసింది. బతిమాలాను. చివరికి గట్టిగా అరిచాను కూడా. తను చికెన్ పక్కనున్న నిమ్మచెక్క తీసి చప్పరించింది.

"ఏవండీ, పులుపు తెలుస్తోంది!"

వెయిటర్ కంగారుగా వచ్చి, "ఖానా అచ్ఛా నహీ లగా, ఆంటీ?" అని, భోజనం నచ్చలేదేమోనని అడిగాడు.

"అచ్ఛా హై భయ్యా. నింబూ ఔర్ హై క్యా?" అని, బాగానే ఉందంటూ ఇంకా నిమ్మచెక్కలున్నాయా అని అడిగింది సునీత.

అతను ప్లేటు నిండా తెచ్చాడు. మూడు చెక్కలు చప్పరించింది. అరిచినందుకు సిగ్గుతో నేను తలెత్తలేకపోయాను.

ఇంటికొచ్చి నిమ్మకాయ పులిహోర కలిపితే రెండు ముద్దలు తిని చాలంది. గ్రీసు దాకా వెళ్లి నిమ్మకాయతో తిరిగొచ్చిన మొగుణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. మీ ఇళ్లలో కీమోలో ఉన్నవాళ్లకి ఏం పెట్టారో, ఏది సయించిందో చెప్పండి. రేపు పొద్దున ఏం పెట్టాలో నాకు తెలియడం లేదు.